వార్తా మాధ్యమాలు – ప్రజా ఎజెండా

ఒక సమాజం ఏ సమస్యను ముందు పట్టించుకోవాలి, దేన్ని వెనక్కి నెట్టాలి అన్నది తేల్చడంలో పత్రికలు, రేడియో, టెలివిజన్, ఇప్పుడు ఫోన్లు పోషించే పాత్రను జర్నలిజం శాస్త్రంలో ‘ఎజెండా నిర్దేశం’ అంటారు. మాధ్యమాలు పదే పదే, ప్రముఖంగా చూపించిన అంశాలనే జనం ముఖ్యమైనవిగా ఎంచుతారన్నది దీని సారం. జనం ముఖ్యమనుకున్నవాటిని పాలకులు కూడా పట్టించుకోక తప్పదన్నది దాని కొనసాగింపు. సారా మంచిదా చెడ్డదా అన్న విషయంలో పత్రిక చెప్పిన మాట పాఠకుడు వింటాడన్న హామీ ఏమీ లేదు. ఇవాళ టీకొట్టు దగ్గర మాటలు సారా మీద నడుస్తాయా, కరెంటు కోతల మీద నడుస్తాయా అన్నది మాత్రం చాలావరకు పొద్దున వచ్చిన పత్రిక చేతిలో ఉంటుంది. అభిప్రాయాన్ని మార్చడం కంటే ఈ శక్తి చిన్నదిగా కనిపిస్తుంది. నిజానికి ఇదే పెద్దది, ఎందుకంటే చర్చకు రాని సమస్యకు పరిష్కారం గురించి ఎవరూ ఆలోచించరు.

సిద్ధాంతం పుట్టుక

ఈ ఆలోచనకు బీజం అమెరికన్ పాత్రికేయుడు వాల్టర్ లిప్‌మన్ 1922లో రాసిన ‘పబ్లిక్ ఒపీనియన్’ పుస్తకంలో ఉంది. అందులో ఆయన ఒక దీవి గురించి చెబుతాడు. అక్కడ కొందరు ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు, జర్మన్లు కలిసి బతికేవారు. బయటి ప్రపంచం కబుర్లు 60 రోజులకొకసారి వచ్చే టపా ఓడలోనే తెలిసేవి. 1914 సెప్టెంబరులో ఓడ వచ్చాక గానీ, ఆరు వారాలుగా తమ దేశాలు ఒకదానితో ఒకటి యుద్ధంలో ఉన్నాయని వాళ్లకు తెలియలేదు. శత్రువులై ఉండి కూడా అన్ని రోజులూ స్నేహితుల్లా మెలిగారు. మనిషి స్పందించేది బయటి ప్రపంచానికి కాదు, దాని గురించి వార్తలు తన బుర్రలో గీసిన బొమ్మకేనని లిప్‌మన్ వాదన. 1963లో రాజనీతి శాస్త్రవేత్త బెర్నార్డ్ కోహెన్ దీన్ని ఇంకాస్త సూటిగా చెప్పాడు. ఏమని ఆలోచించాలో చెప్పడంలో పత్రికలు చాలాసార్లు విఫలం కావచ్చు గానీ, దేని గురించి ఆలోచించాలో చెప్పడంలో వాటికి తిరుగులేదన్నది ఆయన మాటల సారాంశం.

దీన్ని లెక్కగట్టి చూపించినవారు నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ అధ్యాపకులు మాక్స్‌వెల్ మెకూంబ్స్, డోనాల్డ్ షా. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల ప్రచారం జోరుగా సాగుతుండగా, ఎవరికి ఓటేయాలో ఇంకా తేల్చుకోని 100 మంది ఓటర్లను వాళ్లు చాపెల్ హిల్ పట్టణంలో కలిశారు. దేశం ముందున్న ముఖ్య సమస్యలేవని అడిగారు. అవే రోజుల్లో ఆ ఊరికి వార్తలందించే అయిదు దినపత్రికలు, రెండు వారపత్రికలు, రెండు టీవీ నెట్‌వర్కులు ఏ అంశానికి ఎంత చోటిచ్చాయో కొలిచారు. విదేశాంగ విధానం, శాంతిభద్రతలు, ప్రభుత్వ ఖర్చు, సంక్షేమం, పౌరహక్కులు వంటి అంశాల వరుస రెండు జాబితాల్లోనూ దాదాపు ఒకేలా వచ్చింది. వాటి మధ్య సహసంబంధం 0.97 దరిదాపుల్లో తేలింది. ఈ పరిశోధన 1972లో అచ్చయింది. ఆ తర్వాత ఇదే తీరు అధ్యయనాలు ఎన్నో దేశాల్లో వందల సంఖ్యలో జరిగాయి.

రెండు జాబితాలు కలిసినంత మాత్రాన ఒకదాన్ని చూసి రెండోది తయారైందని చెప్పలేం. జనం అడిగేదే పత్రికలు రాస్తున్నాయేమో కూడా. ఈ సందేహం తీర్చడానికి షాంటో అయ్యంగార్, డోనాల్డ్ కిండర్ ప్రయోగాలు చేశారు. మామూలు జనాన్ని పిలిచి, కొన్ని రోజులపాటు టీవీ వార్తలు చూపించారు. వార్తల్లో ఒక బృందానికి రక్షణ రంగ లోపాల కథనాలు, మరో బృందానికి కాలుష్యం కథనాలు అదనంగా చేర్చారు. చివర్లో అడిగితే, ఏ కథనాలు చూసినవాళ్లు ఆ సమస్యనే మునుపటికంటే పెద్దదని చెప్పారు. వాళ్ల పుస్తకం ‘న్యూస్ దట్ మ్యాటర్స్’ 1987లో వచ్చింది. అందులో ఇంకో సంగతీ తేలింది. రక్షణ కథనాలు చూసినవాళ్లు అధ్యక్షుడి పనితీరును రక్షణ కొలబద్దతో కొలిచారు. ఇంకో ప్రయోగంలో ధరల కథనాలు చూసినవాళ్లు ధరల కొలబద్దతో. దీన్ని ‘ప్రైమింగ్’ అంటారు. ఎన్నికల ముందు నెల రోజులు మొదటి పేజీలో ఏది నడిస్తే, ఓటరు నాయకుణ్ని తూచే రాయి చాలావరకు అదే.

ఈ ప్రభావం అన్ని అంశాల మీదా ఒకేలా ఉండదు. ధరలు పెరిగాయని తెలియడానికి పత్రిక అక్కర్లేదు, కిరాణా కొట్టు చాలు. విదేశాంగ విధానం, పర్యావరణం, మన కంటపడని ఊళ్ల కష్టం లాంటివాటికి మాత్రం వార్తే కిటికీ. ఆ కిటికీ మూస్తే అవతల ఏమీ లేనట్టే అనిపిస్తుంది.

డెస్క్ మీద జరిగే నిర్ణయం

వార్తను ఆపేదీ పంపేదీ ఎవరు? 1950లో అచ్చయిన అధ్యయనం కోసం డేవిడ్ మానింగ్ వైట్ ఒక అమెరికన్ పట్టణ పత్రికలో ఏజెన్సీ వార్తలు ఎంచే ఉపసంపాదకుణ్ని ఒక వారం గమనించాడు. వచ్చిన కాపీలో సుమారు పదో వంతు మాత్రమే అచ్చుకెళ్లింది. మిగతావి పక్కన పెట్టడానికి ఆ పెద్దమనిషి రాసిన కారణాల్లో చోటు లేకపోవడం ఎంతో, సొంత ఇష్టానిష్టాలూ అంతే. మన డెస్కుల్లోనూ ఇదే జరుగుతుంది. ఒక మండలం నుంచి విలేకరి పంపిన వార్త పతాక శీర్షిక అవుతుందా, బాక్స్ కడతారా, సింగిల్ కాలమ్‌లో పడుతుందా, లేక బుట్టలోకి పోతుందా అన్నది రాత్రి పేజీ పెట్టే గంటల్లో తేలిపోతుంది. ఎవరూ కుట్ర చేయనక్కర్లేదు. అలవాటు, హడావుడి, పోటీ పత్రికలో ఏం వస్తుందోనన్న బెంగ, ఈ మూడు చాలు.

తెలుగు పత్రికారంగం ఈ విషయంలో ఒక ప్రత్యేక ప్రయోగం చేసింది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ‘ఈనాడు’, తర్వాతి దశాబ్దాల్లో జిల్లాకొక టాబ్లాయిడ్ అనుబంధాన్ని, మండలానికొక విలేకరిని తెచ్చింది. మిగతా పత్రికలూ ఆ బాట పట్టాయి. ఆస్ట్రేలియా పండితుడు రాబిన్ జెఫ్రీ భారతీయ భాషా పత్రికల విప్లవం మీద 2000లో వెలువరించిన పుస్తకంలో ఈ మార్పుకు పెద్ద చోటే ఇచ్చాడు. ఊరి బోరు చెడిపోవడం, బడికి పంతులు రాకపోవడం తొలిసారి అచ్చులో కనిపించాయి. ఇది మామూలు విజయం కాదు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. జిల్లా పేజీ ఊరికి చోటిస్తూనే దాని చుట్టూ కంచె కట్టింది. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ రోగుల గోడు శ్రీకాకుళం పేజీలో రోజూ వచ్చినా, కడప పాఠకుడికి, రాష్ట్ర సచివాలయంలో అధికారికి అది కనిపించదు. జిల్లాలో ఎజెండా అయినది రాష్ట్రంలో ఎజెండా కావడానికి మళ్లీ ఇంకో గేటు దాటాలి.

వార్తకూ వాస్తవానికీ మధ్య

మాధ్యమాల ఎజెండా వాస్తవాన్ని నీడలా అనుసరిస్తుందనుకుంటే పొరపాటు. 1960ల అమెరికాలో వియత్నాం యుద్ధం, నగరాల్లో అల్లర్లు, విశ్వవిద్యాలయాల్లో ఆందోళనల మీద వారపత్రికల కథనాలను రే ఫంక్‌హౌజర్ లెక్కపెట్టాడు. ఘటనలు పరాకాష్ఠకు చేరడానికి ఏడాది, రెండేళ్ల ముందే కథనాలు పరాకాష్ఠకు చేరి, తర్వాత సడలిపోయాయి. జనాభిప్రాయం నడిచింది కథనాల వెంట, ఘటనల వెంట కాదు. 1990ల మొదట్లో అమెరికాలో హింసాత్మక నేరాలు తగ్గడం మొదలయ్యాక టీవీ వార్తల్లో నేరాలు పెరిగాయి. 1994లో గ్యాలప్ పోల్‌లో దేశపు ప్రథమ సమస్యగా నేరాలే నిలిచాయి. ఆ ఏడాదే భారీ నేర నియంత్రణ చట్టం వచ్చింది.

ఇంతకంటే మనసును కలచివేసే లెక్క థామస్ ఐసెన్సీ, డేవిడ్ స్ట్రోమ్‌బర్గ్‌లది. 1968 నుంచి 2002 దాకా ప్రపంచంలో జరిగిన దాదాపు 5,000 విపత్తులను తీసుకుని, వేటికి అమెరికా సాయం అందిందో వాళ్లు పరిశీలించారు. ఒలింపిక్స్ జరుగుతున్న రోజుల్లో విపత్తు వస్తే వార్తల్లో చోటు దొరకడం లేదు. చోటు దొరకకపోతే సాయం అందే అవకాశమూ తగ్గుతోంది. అగ్నిపర్వతం బద్దలై ఒకరు చనిపోతే టీవీలో వచ్చేంత కవరేజి ఆహార కొరతకు రావాలంటే సుమారు 40,000 మంది చనిపోవాలట. అగ్నిపర్వతానికి దృశ్యం ఉంది. ఆకలికి లేదు. నెమ్మదిగా చంపేది ఏదైనా వార్త కావడం కష్టం. కరువు, ఫ్లోరోసిస్, అప్పు, కలుషితమైన గాలి, అన్నీ ఈ కోవలోవే.

ఆకలి, పత్రిక

అయినా పత్రిక తలచుకుంటే ఆకలి కూడా కనిపిస్తుంది. 1943 బెంగాల్ కరువులో ప్రభుత్వం కరువు అన్న మాటనే ప్రకటించడానికి ఒప్పుకోలేదు. యుద్ధకాలపు సెన్సార్‌షిప్ ఉంది. కలకత్తాలో బ్రిటిష్ యాజమాన్యంలోని ‘ది స్టేట్స్‌మన్’ సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ 1943 ఆగస్టు 22న వీధుల్లో ఆకలితో పడివున్నవారి ఫొటోలు అచ్చువేశాడు. తర్వాత ఘాటైన సంపాదకీయాలు రాశాడు. దాంతో లండన్, ఢిల్లీ కదలక తప్పలేదు. అప్పటికే లక్షల ప్రాణాలు పోయాయి. మృతుల సంఖ్య 30 లక్షల దాకా ఉంటుందని చాలామంది పరిశోధకుల అంచనా. చిన్నపిల్లవాడిగా ఆ కరువును చూసిన అమర్త్య సేన్, ఎన్నికలు, స్వేచ్ఛగల పత్రికలు ఉన్న దేశంలో పెద్ద కరువు రాదన్న నిర్ధారణకు తర్వాత వచ్చారు. 1958–61 మధ్య చైనాలో కోట్లమంది ఆకలితో చనిపోతుంటే చెప్పే పత్రిక లేకపోయిందని ఆయన గుర్తుచేస్తారు. అదే సేన్ ఇంకో మాట కూడా అన్నారు: మన పత్రికలు కరువును ఆపగలిగాయి గానీ, రోజూ అర్ధాకలితో బతికే కోట్లమంది సంగతిని అంత గట్టిగా పట్టించుకోలేదు.

టిమ్ బెస్లీ, రాబిన్ బర్జెస్ 2002లో దీన్ని మన దేశపు అంకెలతో పరీక్షించారు. 1958 నుంచి 1992 వరకు 16 రాష్ట్రాల సమాచారం తీసుకుంటే, దినపత్రికల సర్క్యులేషన్ ఎక్కువున్న రాష్ట్రాల్లో పంట నష్టం, వరదలు వచ్చినప్పుడు ప్రభుత్వాలు రేషన్ పంపిణీని, సహాయ నిధులను ఎక్కువగా పెంచాయి. ఇందులో ఆ ఫలితాన్నిచ్చింది ప్రధానంగా ప్రాంతీయ భాషా పత్రికలే. తెలుగు పాఠకుడు గర్వంగా గుర్తుపెట్టుకోదగ్గ మాట ఇది.

దూబగుంట నుంచి హైదరాబాద్ దాకా

తెలుగునాట ప్రజా ఎజెండా, పత్రిక ఎజెండా, ప్రభుత్వ ఎజెండా ఒకదాన్నొకటి తోసుకుంటూ వెళ్లిన స్పష్టమైన ఉదాహరణ సారా వ్యతిరేకోద్యమం. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం నడిచింది. వాచకంలో సారా వల్ల చితికిన సీతమ్మ కథ ఒక పాఠం. రాత్రి బడిలో ఆ కథ చదివిన ఆడవాళ్లు దాన్ని తమ కథగా పోల్చుకున్నారు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు. ఆ కబురు ఊరూరికీ పాకింది. మహిళలు గుంపులుగా వెళ్లి సారా వేలంపాటలను అడ్డుకున్నారు. అప్పటికి రాష్ట్ర ఖజానాకు సారా మీద వచ్చే రాబడి ఏటా వందల కోట్ల రూపాయల్లో ఉండేది. ఏ ప్రభుత్వమూ తనంతట తానుగా వదులుకునే మొత్తం కాదది.

1992లో ‘ఈనాడు’ ఈ ఉద్యమానికి రోజూ ప్రత్యేకంగా చోటు కేటాయించి, ఊళ్ల వార్తలను ఒకచోట చేర్చి అచ్చువేసింది. ఒక ఊళ్లో జరిగింది పక్క జిల్లా ఆడవాళ్లు చదివి తామూ అదే చేశారు. జిల్లా పేజీ కంచె ఇక్కడ తెగిపోయింది. నెల్లూరు జిల్లాలో 1993 ఏప్రిల్‌లో, రాష్ట్రమంతటా అదే ఏడాది అక్టోబరు 1 నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన ఎన్.టి.రామారావు సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1995 జనవరిలో అమలైన ఆ నిషేధాన్ని 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం ఎత్తివేసింది.

ఉద్యమం పత్రిక వల్ల పుట్టిందనడం దూబగుంట ఆడవాళ్లకు అన్యాయం. పత్రిక లేకుండానే రాష్ట్రమంతా పాకేదనడం కూడా నిజం కాదు. హైదరాబాద్‌లోని ‘అన్వేషి’ మహిళా అధ్యయన కేంద్రం పరిశోధకులు 1993లోనే ఇంకో సూక్ష్మాన్ని పట్టించారు. ఆ స్త్రీలను ఎవరికి తోచినట్టు వాళ్లు చిత్రించుకున్నారు: ఒకరికి వాళ్లు ఇంటిని నిలబెట్టే ఇల్లాళ్లు, ఇంకొకరికి ప్రతిపక్షానికి అందివచ్చిన బలం. కూలీ డబ్బులు, ఊళ్లో పెత్తనం, పోలీసులు, కాంట్రాక్టర్ల పొత్తు గురించి ఆ స్త్రీలు లేవనెత్తిన ప్రశ్నలకు అంత చోటు దక్కలేదు. పండితులు దీన్నే ‘ఫ్రేమింగ్’ అంటారు. సమస్యను ఏ చట్రంలో బిగిస్తే పరిష్కారం కూడా ఆ చట్రంలోనే తయారవుతుంది. 1991లో అయ్యంగార్ చూపించిందీ ఇదే. పేదరికాన్ని ఒక పేదవాడి కథగా చూపితే చూసేవారు తప్పు అతనిదే అనుకుంటారు. సమాజపు లెక్కలతో చూపితే ప్రభుత్వాన్ని నిలదీస్తారు. ‘అప్పుల బాధతో రైతు ఆత్మహత్య’ అన్న సింగిల్ కాలమ్ వార్తలు 1997–98లో వరంగల్ పత్తి రైతుల విషాదం నాటి నుంచి వేలసార్లు అచ్చయ్యాయి. నకిలీ విత్తనం, ప్రైవేటు అప్పు, మార్కెట్ ధర కలిపి చెప్పే కథనాలు అన్నిసార్లు అచ్చవ్వలేదు.

పాలకుల బల్ల మీదికి

మాధ్యమాలు పెంచిన ఒత్తిడి చట్టంగా మారడానికి ఒక్కోసారి వారాలు చాలు. 2012 డిసెంబరు 16న ఢిల్లీ బస్సులో జరిగిన సామూహిక అత్యాచారం తర్వాత వారం రోజుల్లోనే జస్టిస్ జె.ఎస్.వర్మ కమిటీ ఏర్పడింది. 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. ఫిబ్రవరి 3న ఆర్డినెన్స్ వచ్చింది. అంతకు ముందు, మహారాష్ట్రలో మథుర అనే గిరిజన బాలిక మీద 1972లో పోలీసుస్టేషన్‌లో జరిగిన అత్యాచారం తర్వాత చట్టం మారడానికి 1983 దాకా పట్టింది. కాలం మారింది, నిజమే. బాధితురాలు ఏ నగరంలో ఉంది, కెమెరాలు ఎంత దూరంలో ఉన్నాయి అన్నదీ మారింది.

ఇలా ఎగసిన శ్రద్ధ నిలవదు. ఆంథనీ డౌన్స్ 1972లో చెప్పినట్టు, సమస్య ఒక్కసారిగా బయటపడి, ఆవేశం రేగి, పరిష్కారానికి అయ్యే ఖర్చు తెలిశాక ఉత్సాహం చల్లారుతుంది. జనం మరో సమస్య వైపు మళ్లుతారు. మిగిలేది ఆ ఆవేశంలో పుట్టిన ఒక చట్టం, ఒక కమిటీ, ఒక పథకం. అవి పనిచేస్తున్నాయో లేదో చూడటం వార్త కాదు గనుక ఎవరూ చూడరు. దీన్ని నేను మన మాధ్యమాల అతి పెద్ద లోపంగా భావిస్తాను.

యాజమాన్యం మాటకొస్తే, 2008లో ‘సాక్షి’, 2011లో ‘నమస్తే తెలంగాణ’ వచ్చాక తెలుగు పాఠకుడికి రాజకీయ పక్షాల ఎజెండాలు పత్రికల పేర్లతోనే తెలిసిపోతున్నాయి. ఒకే శాసనసభ సమావేశం మర్నాడు రెండు పత్రికల్లో రెండు వేర్వేరు సమావేశాల్లా కనిపిస్తుంది. పక్షపాతం బయటపడితే పాఠకుడు జాగ్రత్తపడతాడు, అది కొంత మేలే. అసలు నష్టం వేరే చోట ఉంది. రెండు పక్షాల తగాదాలో ఇమడని సమస్యకు ఏ పత్రికలోనూ చోటుండదు. డబ్బిచ్చి వార్త వేయించుకునే ‘పెయిడ్ న్యూస్’ 2009 ఎన్నికల్లో వెల్లువెత్తింది. ప్రెస్ కౌన్సిల్ విచారణకు వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో ఒకరు తెలుగు పాత్రికేయుడు కె.శ్రీనివాస్‌రెడ్డి, మరొకరు పరంజయ్ గుహా ఠాకుర్తా. పేర్లతో సహా ఉన్న వాళ్ల పూర్తి నివేదికను కౌన్సిల్ మొదట బయటపెట్టలేదు. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక గానీ అది జనానికి అందలేదు.

ఫోన్లు వచ్చాక పత్రికల పట్టు సడలిందని చాలామంది నమ్ముతారు. గ్యారీ కింగ్ బృందం 2017లో ‘సైన్స్’ పత్రికలో అచ్చువేసిన ప్రయోగం వేరే సంగతి చెబుతోంది. అమెరికాలో 48 మాధ్యమ సంస్థలు, ఎక్కువగా చిన్నవి, ఒప్పుకుని, తాము ఎంచుకున్న అంశం మీద లాటరీలో వచ్చిన వారంలోనే కథనాలు వేశాయి. ఆ వారంలో ఆ అంశం మీద ట్విట్టర్‌లో చర్చ, ఒక సగటు రోజు చర్చతో పోలిస్తే, సుమారు 63 శాతం అదనంగా పెరిగింది. చిన్న పత్రికలు నాలుగు కలిసి రాసినా దేశం మాట్లాడుకుంటుందన్నమాట.

జనమే తలుపు తట్టినప్పుడు

మాధ్యమాలు చూడకపోతే జనం ఏం చేస్తారు? తెలుగు నేల దీనికి రెండుసార్లు జవాబిచ్చింది. నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 2019లో పసుపు, ఎర్రజొన్న రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది బరిలో నిలిచారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో డజను ఓటింగ్ యూనిట్లు పెట్టాల్సివచ్చింది. పసుపు బోర్డు కావాలన్న వాళ్ల డిమాండ్ దేశమంతా వినపడింది. 2023 అక్టోబరులో ప్రధాని మహబూబ్‌నగర్ సభలో బోర్డును ప్రకటించారు. 2025 జనవరిలో అది నిజామాబాద్‌లో మొదలైంది.

ఆ రైతుల కంటే ముందు నల్గొండ ఉంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎముకలను వంచేస్తుందని మన దేశంలో వైద్యులు మొదట గుర్తించింది తెలుగు నేల మీదే, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. 1937లో అది వైద్య పత్రికలో అచ్చయింది. తర్వాత నల్గొండ పల్లెల్లో తరాలు వంగిన వెన్నుతో బతికాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జల సాధన సమితి పిలుపు మీద బాధితులు, వాళ్ల తరపువాళ్లు నామినేషన్లు వేశారు. 480 మంది అభ్యర్థులతో బ్యాలట్ పత్రం ఒక పుస్తకమైంది. పోలింగ్ వాయిదా పడింది. అప్పుడు దేశంలోని పత్రికలు నల్గొండ వైపు చూశాయి. అదే ఏడాది పార్లమెంటు లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచింది. వైద్యులు రాసిన ఆ వ్యాసానికీ, నల్గొండ బ్యాలట్ పుస్తకానికీ మధ్య 59 ఏళ్లు.